పసుపు వైరు

గోడంతా నీలం.
ఒక మూలన తెల్లగా, సిగ్నల్ లేదని ఇంగ్లీషులో.
మెనూలో ఇరవై మూడు భాషలు,
పోలండు వాళ్లది కూడా ఉంది.
సిరోంచలో మేం ఇంట్లో తిట్టుకునేది లేదు,
తహసీల్ ఆఫీసులో దరఖాస్తు రాసేదీ లేదు.
సరే, ఇంగ్లీషే కానీ.

జిల్లా పరిషత్ బడి గోడకి
చిన్నుబాయి తెచ్చిన ధోతి కట్టాం.
ఆయనదే. రెండుసార్లు ఉతికిందట, గంజి పెట్టలేదు.
ప్రొజెక్టరు కింద వడ్ల బస్తా,
ముందు కాళ్ల కింద ఇటుక ముక్క.
వెలుగు పైన వెడల్పు, కింద సన్నం, గంపలాగా.
కీస్టోన్ మైనస్ ఏడు. ఇంకా వంకరే.
మైనస్ తొమ్మిది.
గంప పెట్టె అయింది.

సమ్మయ్య సంవత్సరీకం. భోజనాలైపోయాయి.
విస్తళ్లు ఎత్తిన చోట కుక్కలు, చాపల మీద జనం.
జనరేటరు ఆగితే తిట్లన్నీ నాకే.

ఇన్‌పుట్ బటన్ నొక్కుతున్నాను.
కంప్యూటర్ ఒకటి. కంప్యూటర్ రెండు. హెచ్‌డీఎంఐ.
ఒక్కో గుమ్మం ముందు ఆగి,
ఎవరూ పలక్కపోతే పక్కింటికి నడిచినట్టు.
వీడియో అన్నచోట నీలం వణికింది.
డీవీడీ ప్లేయరు వెనక పసుపు వైరు వదులు.
వేలితో అదిమితే నది,
తీస్తే నీలం.
అగ్గిపుల్ల విరిచి సందులో దోపాను.

ఆ డిస్కు వేరేవాళ్ల పెళ్లిది.
ఇరవై ఏళ్ల కిందట, వంతెన లేనప్పుడు,
కాళేశ్వరం నుంచి పెళ్లికూతుర్ని
గోదావరి దాటిస్తున్న నావ.
కెమెరా మనిషికి కావలసింది బాసికం, బ్యాండు మేళం,
మామగారి కొత్త గడియారం.
గడ వేస్తున్న జాడి సమ్మయ్య
మధ్యలోకి పొరపాటున వచ్చాడు.
పదకొండు సెకన్లు.
కదిలే సమ్మయ్య ఈ లోకంలో అంతే మిగిలాడు.

బొమ్మ వచ్చింది, రంగు రాలేదు.
బూడిద నీళ్ల మీద బూడిద మనిషి.
సిస్టం ఆటోలో ఉంది. ఎన్‌టీఎస్‌సీ అనుకుంటోంది మిషను.
పాల్‌కి మార్చాను.

భగ్గుమని ఎరుపు.
పిల్లలు ఈలలు వేశారు.
చిన్నుబాయి లేచి వచ్చింది.
"ఇస్తారీ, గా అంగి గట్ల లేకుండె."
"ఎట్ల ఉండె పెద్దమ్మా?"
"ఇటుక రంగుది. ఉతికి ఉతికి పోయింది.
గడ ఆనే భుజం కాడ ఇంకా పోయింది."

టింట్ దగ్గరికి వెళ్లాను. పాల్‌లో అది పనిచేయదు,
ఆ గీత వెలిసిపోయి పడుంది.
కలర్ యాభై నుంచి ముప్పై ఎనిమిది.
"ఇంకా."
ముప్పై రెండు. రెడ్ నాలుగు మెట్లు కిందికి.
ఆమె ధోతి దగ్గరికి పోయి
అంగి మీద చెయ్యి పెట్టింది.
అంగి ఆమె చేతి మీదికి వచ్చింది.
"నీళ్లు?" అంది.

నీళ్ల సంగతి నేను చూడనే లేదు.
ప్రాణహిత కలిసేచోట ఒక పక్క తేట, ఒక పక్క మడ్డి,
రెంటి మధ్య గీత ఉండాలి.
ఆ గీత పట్టుకునే నావ తోలేవాడట.
నా కాంట్రాస్టులో అది మునిగిపోయింది.
కాంట్రాస్టు దించాను. బ్రైట్‌నెస్ రెండు పెంచాను,
ఒకటి తీసేశాను.
నీళ్లలో సన్నగా అతుకు తేలింది.

"ఆఁ. గంతే. ఇగ ముట్టకు."

గడ దిగింది. వంగాడు.
ఇటు చూడబోయాడు,
బ్యాండువాడి బూర అడ్డమొచ్చింది.
వెనక్కి తిప్పాను. గడ దిగింది, వంగాడు,
బూర.
ఎన్నిసార్లు తిప్పానో లెక్క పెట్టలేదు.
ఎవరో చిన్నగా ఆ బూరవాణ్ని తిట్టారు.

మర్నాడు అసరెల్లిలో క్రికెట్ మ్యాచ్.
హెచ్‌డీఎంఐ పెట్టాను, టక్కున అందింది.
మైదానం వెలిసిన పచ్చ,
ఆటగాళ్లంతా ఇటుక పొడి చల్లుకున్నట్టు.
"రంగు పెంచు భావూ," అని కుర్రాళ్ల గోల.
రిమోటు నా జేబులోనే ఉంది.
లాంపు పాతదైంది అన్నాను.