చెయ్యి వణకొద్దు

ముందు రికార్డు కొన్న.
మిషన్ లేదు, పెట్టే జాగ లేదు.
జుమ్మెరాత్ బజార్ల తుప్పుపట్టిన కుట్టుమిషన్ కింద
అట్ట లేకుండ, పేరు లేకుండ పడున్నది.
నలభై అంటె ముప్పైకి తెచ్చుకున్న.
నడిమిట్ల కాయితం ఎవరి బొటనవేలికో అరిగిపోయింది.

గోడకు క్యాలెండర్ మేకుంటె దానికే తగిలేసిన,
కొలిచి చేసినట్టు పట్టింది బొక్క.
రూముల ఉండే రోజ్‌లిన్ నవ్వింది:
"గడియారం కొన్నవ్ గని ముల్లులు మరిచినవే."

మలక్‌పేట ల్యాబుల నా కొలువు.
పొద్దున ఆరింటికి, పరగడుపున వచ్చినోళ్ల నెత్తురు తీస్తా.
అద్దె పోంగ, చీటీ పోంగ
పదిహేను వందలు మిగిలితె అది పెద్ద నెల.

మృగశిర కార్తె నాడు గల్లీ అంత చేపల పులుసు వాసన,
నేనేమో కోఠిల, గుజరాతీ గల్లీల,
మూత పగిలిన ప్లేయర్‌కు బేరం చేస్తున్న.
నాలుగు కాళ్లల్ల ఒకటి లేదు, బెల్టు సాగింది.
షుజాత్ సాబ్ దాని మీద ఊదిండు,
దుమ్ము లేసి ఆయన అద్దాల మీదనే కూసున్నది.
"మోటర్ అచ్ఛా హై బేటీ. మిగిలిందంత సామానే."

ఆంప్లిఫయర్ మూతబడ్డ ట్యూషన్ సెంటర్‌ది,
వాల్యూమ్ తిప్పితె ఇంకా సుద్దపొడి రాలుతది.
స్పీకర్లు రెండు, జోడీ కాదు.
ఒకదానిది బొంగురు గొంతు, ఒకటి ముక్కుతోని మాట్లాడుతది.
"ఏడు వందలకు ఇంతే. కలవనోళ్లు సంసారం చేస్తలేరా?"

అన్నీ కలిపినంక సప్పుడు దోమంత.
మధ్యల ఇంకో డబ్బా కావాలంట,
సబ్బుపెట్టెంతది, తొమ్మిది వందలు.
ముందే ఎందుకు చెప్పలే అంటె
"చెప్తె నువ్వు ప్లేయర్ కొంటుంటివా?" అన్నడు.

పాత ముల్లు గీత దాటి జారుతుంటె
దాని నెత్తిన రూపాయి బిళ్ల పెట్టిన.
గప్పుడు ఒక్కపారి కోపమొచ్చింది ఆయనకు:
"బరువేస్తె పాడదు, గీరుతది."
నాకు తెల్వాల్సిన ముచ్చటే.
ఒత్తితె నరం దాసుకుంటది.

కొత్త ముల్లు ఆరు వందల యాభై.
ఆ నెల చీటీకి రోజ్‌లిన్ దగ్గర బదులు.
షుజాత్ సాబ్ చిన్న డబ్బ తెరిచిండు,
అప్పుడు చూసిన ఆయన వేళ్లు.
స్క్రూలు ఊడదీసినప్పుడు లేని వణుకు
ముల్లు పట్టంగనే.
మూడుసార్లు దించబోయిండు, మూడుసార్లు ఎత్తిండు.
"తుమ్ కరో" అన్నడు,
బయట స్కూటర్ల దిక్కు చూసుకుంట.

రోజుకు నలభై మందిని పొడుస్తా నేను.
ఎండిన చేతులు, పాలుగారే చేతులు,
కనిపించని నరాన్ని వేలితోని తడిమి పడతా.
ఊపిరి బిగబట్టకుండ్రి అని వాళ్లకు చెప్తా,
నేను మాత్రం బిగబడతా.

దించిన.

నూనెల ఆవాలు పడ్డట్టు కొంచెంసేపు.
తర్వాత ఒకామె గొంతు సవరించుకున్నది,
పెద్ద మనుషుల ముందు కూసున్నట్టు.
పాట ఏ భాషో.
షుజాత్ సాబ్ మరాఠీ అన్నడు,
చాయ్ తెచ్చిన పిలగాడు కన్నడం అన్నడు,
ఇద్దరు కొట్లాడుకుంట చాయ్ చల్లారబెట్టిండ్రు.
ఫిట్టింగ్ పైసలు తీసుకోలే ఆయన.
సామాను ఆటోల పెట్టినంక మెల్లగ అడిగిండు:
"ఐతారం సెలవేనా? ఇంకో మూడు మిషన్లున్నయి, ముల్లు మార్చాలె."

ఇంట్ల, లేని కాలు కింద
రక్తం సీసాల మూతలు నాలుగు.
మీద నీళ్ల గ్లాసు పెట్టి సమం చూసిన,
ఒక మూత తీసేసి మళ్ల చూసిన.
పక్కింటి కుక్కర్ ఆమె పాటకు అడ్డమొచ్చింది,
రోజ్‌లిన్ కిటికీ మూసింది, మల్ల తెరిచింది, ఉక్కకు.

పాట అయిపోయింది.
మిషన్ దానంతటది ఆగదు,
ఎవరో లేసి ఎత్తేదాక
ముల్లు ఆఖరి గీతల తిరుగుతనే ఉంటది.
నువ్వు లెవ్వు అంటె నువ్వు లెవ్వు అని
ఇద్దరం పండుకునే ఉన్నం.
గోడ మీద మేకు ఖాళీగున్నది.
దాని సుట్టు, రికార్డంత గుండ్రంగ,
సున్నం ఇంకా తెల్లగ.