పెట్టు

సండర్లాండ్‌లో అందరూ అందరినీ ‘పెట్’ అంటారు.
బస్సు డ్రైవరూ, చేపల కొట్టు ముసలామె,
ఆసుపత్రిలో నా బరువు రాసుకున్న నర్సు మోరీన్ కూడా.
“కాటా ఎక్కు, పెట్.”
పదిహేడేళ్లయినా నా చెవికి అది
‘పెట్టు’ అనే వినిపిస్తుంది.
మారు పెట్టు. ఇంకాస్త పెట్టు.
దానికేం చాలుతుంది, దానికి పెట్టు.

కాటా నూట ముప్పై ఎనిమిది అంది.
ఇంట్లో కాటా అయితే ఎప్పుడో అంకెలు మానేసి
గీతలు చూపించేది,
నాతో మాటలు లేనట్టు.

ఎవరికీ చెప్పనిది ఒకటుంది.
మందుల షాపు మూసి, తాళాలు సంచిలో వేసుకుని
సముద్రం ఒడ్డున కారాపుకుని తినేదాన్ని.
చిప్సు, వేయించిన చేప, వెనిగర్ కారే కాగితం.
నా ఊపిరికి అద్దాలు మసకబారితే
అదే నాకు పరదా.
బానెట్ మీద వాలే సీగల్ ఒక్కటే సాక్షి,
అదీ వాటా అడిగేది.
ఆ తర్వాత ఇంటికెళ్లి, చేతులు వాసన చూసుకుని,
కృపాకర్ ఎదురుగా రెండు పుల్కాలు
చాలు చాలంటూ తినేదాన్ని.

రెండేళ్లు వరసలో ఉన్నాను.
ఒక కుర్ర డాక్టరు అడిగాడు,
“మీకు ఆకలి ఎప్పుడెప్పుడు వేస్తుంది?”
గోడ గడియారం వైపు చూశాను.
ఆకలా?
దాన్ని రానిస్తే కదా.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందనేది నాయనమ్మ.
ఇక్కడ ఐదు చిల్లులతో కానిచ్చేశారు,
కాళ్ల మీదేమీ పడలేదు.
అరటిపండంత మిగిల్చారు.
తీసేసిన ముక్క ఏమైందని అడిగాను.
“దాని సంగతి నీకెందుకు, పెట్,”
మోరీన్ దుప్పటి సర్దింది.
నాకే కదా.
మేనమామ భుజం మీద కూర్చుని తిన్న జున్ను,
షారోన్ కడుపులో ఉన్నప్పుడు అర్ధరాత్రి
గిన్నె అంచుకు నోరానించి తాగిన ఉలవచారు,
అన్నీ దాన్లోకే దిగాయి.
ఏ బకెట్లో వేశారో.

షారోన్ ఉగ్గుగిన్నె అటక మీద నుంచి దింపాను.
ఇప్పుడు అదే నా కంచం.
మొదటి ఆదివారం కృపాకర్ కళ్లు మూసుకుని
ఎప్పటిలాగే ప్రార్థన చేశాడు.
నా భోజనం కంటే ప్రార్థనే పొడుగైంది.
ఇద్దరం నవ్వాం. నేను ఆపలేకపోయాను,
అది ఎక్కడ ఏడుపైందో తెలీలేదు.

ముద్దకి ఇరవైసార్లు నమలాలి.
పంతొమ్మిదికే మింగిన రోజు
షాపులో ట్రేసీ పుట్టినరోజు కేకు
వెనక సింకులో కక్కుకున్నాను.
దువ్వెన నిండా జుట్టు.
అక్క గౌను తొడుక్కున్న చెల్లెల్లా
నా ఎముకల మీద నా చర్మం.

చర్చిలో ఒకావిడ, “ఏదైనా జబ్బా?” అని
పక్కావిడ చెవిలో అడిగింది.
లావుగా ఉన్నప్పుడు నా మొహం మీదే అడిగేది.
మరొకావిడ, “కోయించుకున్నావటగా, సులువైన దారే.”
ఉగ్గుగిన్నె తీసుకెళ్లి
ఆవిడ చేతిలో పెడదామనుకున్నాను.
పెట్టలేదు. చలిగా ఉందని కోటు వేసుకున్నాను.
ఈమధ్య నాకు చలేస్తోంది.

గురువారం బస్సులో
తడి టవలు మెళ్లో వేసుకున్న ఒక పిల్లాడు
వచ్చి నా పక్కన కూర్చున్నాడు.
ఖాళీ సీట్లు ఇంకా ఉన్నాయి.
వాడికేం తెలుసు!
పదిహేడేళ్లుగా నా పక్క సీటు
ఖాళీగానే ఊరంతా తిరిగిందని.
దిగాల్సిన స్టాపు దాటి రెండు స్టాపులు
అలాగే కూర్చున్నాను.

రాత్రి రెండింటికి మాత్రం
తల ఇంకా అంటూనే ఉంటుంది, పెట్టు.
కడుపుకి కత్తెర పడింది, దానికి పడలేదు.

నిన్న మళ్లీ సముద్రం దగ్గర కారాపాను.
అద్దాలు మసకబారలేదు,
దూరంగా రోకర్ లైట్‌హౌస్ తెల్లగా కనిపించింది.
ఎక్కడినుంచి చూసిందో, సీగల్ వచ్చి
బానెట్ మీద వాలి తల పక్కకి వంచింది.
గాజు దించి రెండు చేతులూ చాపి చూపించాను.
“లేదు, పెట్.”

అది నమ్మలేదు.