మూరెడు లోతున

నా పని మాటలు మోయడం.
రోజుకూలీ. భోజనం ఊరివాళ్ళదే.

రింకాయ్ తల్లి తన న్గాజు భాషలో ఏదో అంటుంది.
మేనల్లుడు దాన్ని ఇండోనేసియన్‌లోకి దించుతాడు.
నేను ఫ్రెంచిలోకి ఎత్తుతాను.
కాంగో నుంచి వచ్చిన కుర్ర గుమాస్తా లింగాలాలోకి ఒంపుతాడు.
అప్పుడు గానీ బొలుంబు నవ్వదు.
అప్పటికి రింకాయ్ తల్లి నవ్వడం అయిపోయి
తమలపాకుకి సున్నం రాసుకుంటూ ఉంటుంది.

పడవ ముందుభాగంలో ఆర్నో, ఫిన్లాండ్ మనిషి,
దోమలు కుట్టి మెడ కందిపోయింది.
ఒళ్ళో ప్లాస్టిక్ సంచి, సంచిలో ఒప్పందం,
మూడు దేశాల ముద్రలు.
మొదటి పేజీలోనే ఒక మాట అడ్డం పడింది: భూపరిపాలన.
మేనల్లుడికి అందించాను.
వాడు కాసేపు నల్లటి నీళ్ళకేసి చూశాడు.
అత్త చెవిన పడేసరికి అది
'ఈ నేల ఎవరి మాట వింటుంది' అయింది.
'నీళ్ళ మాట' అందామె, తడుముకోకుండా.
నివేదికలో ఆ జవాబుకి గడి లేదు.
రాయలేదు.

కాలువ తిన్నగా ఉంది.
అడవిలో ఇంకేదీ ఇంత తిన్నగా లేదు.
తవ్వినవాళ్ళలో ఆమె మొగుడు తుంబాన్ ఒకడు.
వరి పండుతుందన్నారు, పైనుంచి హుకుం.
వరి పండలేదు.
నీళ్ళు మాత్రం చెప్పినట్టే విని దిగిపోయాయి.
వేల ఏళ్ళుగా కుళ్ళకుండా
తడిలో పడుకున్న ఆకులూ కొమ్మలూ
మొదటిసారి గాలి పీల్చాయి.
ఆ ఎండల్లోనే అంటుకుంది.

నివురుగప్పిన నిప్పంటే పొయ్యిలోదే అనుకునేదాన్ని.
ఇక్కడ నివురు అడవంత. నిప్పు అరికాళ్ళ కింద.
పైన మంట లేదు,
చెట్లు వేళ్ళు కాలిపోయి
ఒక్కొక్కటే చప్పుడు చెయ్యకుండా ఒరిగాయట.
పొగలో మూడు నెలలు పొద్దు తెలియలేదట.
రింకాయ్‌కి అప్పుడు ఏడేళ్ళు.

ఆ ముక్క మేనల్లుడు అనువదించలేదు.
నేనూ అడగలేదు.
బొలుంబుకి ఎలా తెలిసిందో,
లేచి పడవ ఊగుతుంటే పట్టుకుని పట్టుకుని వెళ్ళి
ఆమె పక్కన కూర్చుంది.

అడ్డుకట్ట దగ్గర తుంబాన్ దుంగలు పాతుతున్నాడు.
తవ్వినందుకూ కూలీ ఇచ్చారు, పూడ్చినందుకూ ఇస్తున్నారు,
పూడ్చే కూలీ తక్కువ, అన్నాడు.
ఆర్నో పుస్తకంలో రాసుకోబోయి ఆగాడు.
'మా తాత కూడా తవ్వాడు.
మా చిత్తడి నేలల్లో. బాగా తవ్వాడని పతకం ఇచ్చారు.'
చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళం
ఒక్క ఊరివాళ్ళమే కాదన్నమాట.

ఇక గొట్టం.
నేలలోకి దిగేసిన తెల్ల ప్లాస్టిక్ గొట్టం,
అందులో కర్ర ముంచి తీసి తడి ఎక్కడికొచ్చిందో చూడాలి.
వారానికోసారి ఆమె చూస్తుంది, గోడమీద గీస్తుంది.
నీళ్ళు మూరెడు కన్నా కిందికి పోకూడదు.
పోతే నేల ఎండుతుంది, ఎండితే తెలుసుగా.
ఎవరి మూర? అడిగింది బొలుంబు.
ఇద్దరూ మోచేతులు ఆనించి చూసుకున్నారు.
బొలుంబుది నాలుగు వేళ్ళు పొడుగు.
ఆర్నో స్కేలు తీశాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత బొలుంబు అడిగింది:
'మా బురద ఇంకా తడిగానే ఉంది.
మేం తవ్వలేదు, కాల్చలేదు.
మీకు డబ్బు కాలిపోయాకే వచ్చింది.
మాకు ఎప్పుడొస్తుంది?'

గుమాస్తా నా వైపు చూశాడు.
నేను ఆర్నోకి ఇంగ్లీషులో చెప్పాను, ఒక్క మాటా మెత్తన చెయ్యకుండా.
అతను మెడ గోక్కున్నాడు.
ఇటు మేనల్లుడికీ చెప్పాను.
రింకాయ్ తల్లి కర్ర తుడిచి గోడకి ఆనించింది.

'డబ్బు సంగతి నాకు తెలియదు.
మొదటి గునపంతో వచ్చినవాడికి అన్నం పెట్టకు.
మేం పెట్టాం.
చేపల పులుసు కూడా.'

నాలుగు నోళ్ళు దాటి వెళ్ళేదాకా
బొలుంబు ఆమె ముఖమే చూస్తూ కూర్చుంది.
ఈసారి నవ్వు రాలేదు.

ఆ రోజు మట్టం: మూరకి రెండు వేళ్ళు తక్కువ.
రింకాయ్ తల్లి మూర.
అలాగే రాశాను.