బీచ్‌కా పానీ

ఖలీముద్దీన్ చేపల కొట్లో మొదటిసారి విన్నాను ఆ మాట.
"మీఠా పానీ భీ నక్కో, ఖారా పానీ భీ నక్కో మేడం,
ఇస్‌కూ బీచ్‌కా పానీ హోనా."
బీచ్ అంటే నాకు విశాఖ ఇసుకే తట్టింది.
ఆయన రెండు అరచేతులూ ఎడంగా పట్టి
నడుమ ఖాళీని చూపించాడు.

అరవై లీటర్ల గాజు తొట్టి.
మలక్‌పేటలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
నెలన్నర నీళ్లే. చేప లేదు.
ఖాళీ నీళ్లకు లైటేసి కూర్చుంటే
కింది పోర్షన్ సుగుణమ్మగారు తొంగి చూశారు,
"ఏం పెంచుతున్నావమ్మా?"
"నీళ్లను," అన్నాను.
కాసేపు నా ముఖం చూసి
చారు గిన్నె బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

కంటికి కనబడనివి ముందు కాపురం పెట్టాలి.
పరీక్ష సీసాలో ఆకుపచ్చ మెల్లగా పసుపుకు తిరగాలి.
వంటింటి ఉప్పు పనికిరాదు,
సముద్రపుది పాకెట్టులో వస్తుంది,
లీటరుకు తొమ్మిది గ్రాములు.
తూస్తూ తూస్తూ ఆగిపోయాను:
సెలైన్ సీసా మీద రాసి ఉండేదీ అంతే.
పదకొండేళ్లుగా వేలాడదీస్తున్నాను, ఎన్నడూ చేప గుర్తు రాలేదు.

నాది డయాలసిస్ వార్డు.
పగలంతా ఉప్పు మానెయ్యమని చెప్పి
ఇంటికొచ్చి కంసాలి కాటా మీద ఉప్పు తూస్తాను.

చేప బొటనవేలంత.
వీపు మీద ఎనిమిది అంకె,
ఎవరో తొందరలో రాసి దిద్దకుండా వదిలేసినట్టు.
ఒక కన్ను నా మీద, ఇంకో కన్ను నత్త మీద.
పళ్లు పెరుగుతూనే ఉంటాయట,
గట్టివాటిని కొరక్కపోతే నోరే మూసుకుపోతుందట.
అందుకని వారానికి రెండుసార్లు నత్తలు.
కటుక్.
టీవీ ఆపితే వినబడుతుంది.

మే నెలలో నీళ్లు రోజుకో వేలి మందం దిగాయి.
తెలియక ఉప్పు నీళ్లే పోశాను.
హైడ్రోమీటర్ ముల్లు ఎగబాకింది,
చేప మూలకు పోయి నల్లబడింది.
ఖలీముద్దీన్ ఫోన్లో నవ్వాడు,
"నమక్ కహాఁ జాతా మేడం? పానీచ్ జాతా."

ఉప్పు ఎక్కడికీ పోదు.
గాజు అంచున తెల్లగా గీత గీసుకుని కూర్చుంటుంది.
అప్పటినుంచి ఉత్త మంజీరా నీళ్లే,
మందు వాసన పోయేదాకా ఒక రాత్రి బకెట్లో ఉంచి.

ఈ ముక్క పెంటయ్యకు చెప్పాను.
మంగళ, గురు, శనివారాలు, నాలుగో మంచం.
సూది గుచ్చేటప్పుడు చేయి చూడడు,
చేప సంగతి అడుగుతాడు.
"నాకు ఉల్టా బిడ్డా," అన్నాడు బరువు కాటా దిగుతూ,
"నా నీళ్లు యాడికీ పోవు."
రోజుకు ఆరొందల మిల్లీలీటర్లు ఆయనకు,
మాత్రలు మింగేవీ, మజ్జిగా, అన్నీ కలిపి.
ఇంట్లో మనవరాలు చిన్న స్టీలు గ్లాసుకు గీత గీసిందట
మేకుతో.

మొన్న శనివారం మిషన్ మొదలయ్యాక అడిగాడు,
"ఇయ్యాల ఎన్ని పోసినవ్?"
"రెండు మగ్గులు."
కళ్లు మూసుకున్నాడు. గొంతు ముడి పైకెక్కి దిగింది.
"సల్లగున్నయా?"
"రాత్రంతా కిటికీ కింద పెట్టినవే."
"ఒక్కపాలే గుమ్మరించకు," అన్నాడు,
"మెల్లగ పొయ్యి.
సప్పుడు గావాలె."