బ్యాటరీల రిజిస్టర్

డబ్బా మీద పది కిలోమీటర్లని రాసుంటది.
నమ్మకు.
ఆ పది కిలోమీటర్లు సముద్రం మీద కొలిచినయి,
నడుమ గోడ లేని చోట, లిఫ్టు గుంత లేని చోట.
మన పని షార్జాల,
పద్దెనిమిది అంతస్తుల కాంక్రీటుల.

రోల్లా సందుల, కుంజుమోన్ దుకాణం ముంగట నిలబడి
నేను అడిగిన మొదటి మాట ధర కాదు.
"దీని బ్యాటరీ ఇడిగ దొరుకుతదా?
రెండేండ్లకు గూడ దొరుకుతదా?"
ఆయన నవ్విండు.
"అందరు రంగు అడుగుతరు భాయ్."

లైసెన్సు కాయితం గూడ అడిగిన.
కాయితం లేని వాకీటాకీ, వీసా లేని మనిషి, రెండు ఒక్కటే,
ఎవడొచ్చి ఎప్పుడు నోరు మూయిస్తడో తెల్వది.

రెండు సెట్లు ఒక్క రోజుకు అడుక్కొచ్చిన.
ఒకటి శేర్‌జమాన్ చేతికిచ్చి క్రేన్ క్యాబిన్‌కు ఎక్కించిన.
ఒకటి పట్టుకొని నేను బేస్‌మెంట్లకు దిగిన,
నీళ్ల ట్యాంకుల ఎనుక, చీకట్ల.
"సునాయీ దేతా?"
గరగర.
మళ్ల గరగర.
అగ్గువది అక్కడనే ఓడిపోయింది.
తెల్లారి ఇంకో జత తెచ్చిన,
దాంట్ల ఆయన దగ్గు సుత వినవడ్డది.
అవే పన్నెండు రాయమన్న.

బిల్లు చూసి మేనేజర్ మొకం ముడిసిండు,
పన్నెండు సెట్లకు ఇరవై నాలుగు బ్యాటరీలెందుకని.
నేను ఏం చెప్పలే.
చెప్పాల్నంటే రంజాన్ ముందటి నెల చెప్పాలె:
అద్దం పలక పైకి పోతుంటె
కింద పట్టుకున్న పోశెట్టి "బస్" అన్నడు.
పాత సెట్టు "బ" అని చచ్చిపోయింది.
మిగిలిన ఆ ఒక్క అక్షరం
పైనున్నాయనకు అందలే.
పలక పోయింది.
పోశెట్టి ఎడమ చేతి రెండు వేళ్లు పోయినయి.
రిపోర్టుల రాసింది: గాలి ఎక్కువుండె.

గప్పటి సంది స్టోరుల బ్యాటరీలన్నీ నా కింద.
ఒక్కొక్కదాని ఈపు మీద తెల్ల పెయింటుతోని తారీఖు రాసిన.
ఎండల నుంచి వచ్చినదాన్ని ఎంటనే చార్జింగుకు పెట్ట,
చెయ్యి ఆనిచ్చి చూస్త, సల్లవడ్డంకనే.
పచ్చ లైటు పడ్డంక ఉంచ.
ఈదు సెలవులకు సగం నింపి పక్కకు పెడ్త,
నిండుగ గాదు, ఖాళీగ గాదు.
ఇత్తడి చుక్కల మీద మురికి పడితె
బడి పిలగాండ్ల రబ్బరుతోని రుద్దుత.
ఒకటి ఉబ్బింది. ఎర్ర గీత గీసి ఇనుప డబ్బాల పెట్టిన.
నేపాలీ పిలగాడు టార్చికి కావాల్నని బతిలాడిండు,
ఇయ్యలే, మూడు రోజులు మాట్లాడలే వాడు.
పికప్ డాష్‌బోర్డు మీద మర్చిపోయి పోయినోనికి మాత్రం
నా నోటి నుంచి మంచి మాట రాదు.

జూలైల స్టోరుకు ఏసీ వచ్చింది.
నాకు కాదు.
బ్యాటరీ ఎంబడి వచ్చిన కాయితం మీద ఉన్నదట,
నలభై డిగ్రీలు దాటనియ్యొద్దని.
మనిషి ఎంబడి గసొంటి కాయితం రాదు.

పన్నెండున్నరకు పని బందు, మూడు దాక.
అందరు స్లాబు కింద అట్టముక్కలు పరుసుకుంటరు.
పోశెట్టి ఇప్పుడు గేటు కాడ జెండా ఊపుతడు,
ఆడ స్లాబు లేదు.
తలుపు కాడ నిలబడ్డడు.
"అన్నా, జర కూసుంట."
స్టోరుల బయటి మనిషి ఉండొద్దని బోర్డు ఉన్నది,
నాలుగు భాషలల్ల.
చార్జర్ల బల్ల కింద జాగ చేసిన.
రిజిస్టర్ల ఏదో ఒకటి రాయాలె గద, రాసిన:

నంబర్ ఇరవై ఐదు.
మస్తు వేడి మీద వచ్చింది.
పన్నెండు నలభైకి పెట్టిన, మూడింటికి తీసిన.
రెండు పిన్నులు లేవు.
పనిచేస్తది.

నెలాఖరుకు మేనేజర్ పేజీ తిప్పి ఆగిండు.
"ఇరవై నాలుగే గద కొన్నది?"
"పాత స్టాకు సార్," అన్న.
సంతకం పెట్టిండు.