చెవితో వండిన కూర

ప్రార్థన కాగానే జానీబాషా కొట్టు ముందు
వరసలో నిలబడ్డాను.
అరకిలో. ఎముక కలిపి.
"మెడ దగ్గరదెయ్యి" అన్నాను,
సువార్త చెప్పి పంపిన మాట.
మొద్దు మీద పడే ఒక్కో దెబ్బకీ
జేబులో నిన్నటి ఆటో కిరాయి
కొంచెం కొంచెం తెగింది.

ఇంటికొస్తే తను గడప మీద కూచునుంది
రెండు చేతులూ మజ్జిగ గిన్నెలో ముంచుకుని.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో ఆరు రోజులు
తేజ కాయలకి తొడిమలు తీసిన చేతులు.
తీసిన కిలోలకి చీటీ రాసిస్తారు.
మంటకి చీటీ లేదు.

నేను పొయ్యి దగ్గరకి పోయిందెప్పుడు,
బీడీ ముట్టించుకోడానికి తప్ప!
"ఉల్లిపాయ వేగిందేమో కాస్త వాసన చూసి చెప్పు"
అంటే నవ్వింది.
"నా ముక్కు పోయి రెండేళ్లయింది,
నీకు చెప్పలా?"

చెప్పలేదు.
చెప్పిందేమో, నా బండి మోతలో వినపళ్లేదేమో.
మరి ఈ రెండేళ్లూ
ఆ చేపల పులుసులు, ఆ వేపుళ్లు, పండగ పలావు?

"ఫ్యాను కట్టెయ్. ఆ టీవీ కూడా.
ఇప్పుడిను.
నీళ్లున్నంతసేపు ఉల్లిపాయ వానలాగా వాగుద్ది.
నీళ్లయిపోతే గొంతు తగ్గిద్ది.
అప్పుడెయ్యి అల్లం."

విన్నాను.
పదేళ్ల కాపురంలో
ఇద్దరం కలిసి ఒకే చప్పుడు విన్నది
అదే మొదలు.

మూలన కెజియా కల్వంలో
ధనియాలూ చెక్కా దంచుతోంది.
"ఠంగుమంటంది, ఇంకా గింజే.
మెత్తగా మాట్టాడాలి పొడి."

కారం డబ్బా మూత తీశానో లేదో
గడప మీద దగ్గు.
ముక్కు మర్చిపోయింది గానీ
ఊపిరితిత్తులు మర్చిపోలేదు.
మూత పెట్టేసి
"మిరియాలు దంచనా?" అన్నాను.
చాలాసేపు మాట్లాళ్లేదు.
"గుంటూర్లో కారం లేని మాంసమా!
మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చుద్ది" అని
"దంచు" అంది.

ముక్కలు నీళ్లొదిలాయి.
మూత అంచున బుడబుడలు.
దోసకాయ ముక్కలూ పడ్డాయి,
అరకిలోని కిలో చేసేది అవేగా.

పక్కింటి రాహేలమ్మ గోడ మీంచి
"వాసన అదిరింది వదినా!"
సువార్త తల తిప్పింది.
"ఎట్టా ఉంది?"
"ఎట్టా అంటే... బాగుంది."
"బాగుంటే ఎట్టా ఉంది?"
రాహేలమ్మ గోడ పట్టుకుని నిలబడిపోయింది,
పిన్నీసు కోసం పెట్టంతా వెతికినట్టు వెతికి
"మీ పెళ్లినాడు
డేగిసా మూత తీసినప్పుడు వచ్చిందే,
అట్టా" అంది.
సువార్త కళ్లు మూసుకుంది.
మజ్జిగలో చేతులు కదల్లేదు.

కూర మాట మారింది.
చిట్... చిట్...
"నూనె తేలింది. ఆపు."
నిజమే. గిన్నె చుట్టూ
సన్నటి పసుప్పచ్చ అంచు.

వేడన్నం ఆ వేళ్లకి ఆగదు.
నేనే కలిపి పెట్టాను.
కెజియా అటు తిరిగి నవ్వుకుంటోంది.
మూలుగెముక జుర్రిన చప్పుడు విని
కుదిరిందిలే అనుకున్నా.
"ఉప్పు తక్కువైంది" అంది,
ఇంకో ముద్దకి నోరు తెరుస్తూ.