కాటా మీద సున్నా

పదమూడేళ్ళుగా రేవు కాటా దగ్గర కూర్చుంటున్నాను.
లోపలికెళ్ళే లారీని ఖాళీగా తూచి
బయటికొచ్చే లారీని బొగ్గుతో తూచి
మధ్యనున్న తేడాని చీటీ మీద కొడతాను.
జీతం ఆ తేడాకే.

అందుకే ద్వారకానగర్‌లో మేడమెట్లెక్కి,
షాపు బంగారయ్య రెండు లెన్సుల్నీ
గాజుబల్ల మీద పక్కపక్కన నిలబెట్టినప్పుడు
నేను ముందడిగింది ధర కాదు, బరువు.

"ఇది రెండు కిలోల నూటపది మేడమ్.
ఎంత తిప్పినా పొడుగవ్వదు, జరిగేదంతా లోపలే. ఆరువందల దాకా లాగుద్ది.
ఇదేమో కిలోన్నర లోపే. నాలుగువందలకి ఆగిపోద్ది.
తిప్పితే తాబేలు తలకాయలా బయటికొస్తది."

బయటికొచ్చినప్పుడల్లా గాలి పీలుస్తుందట.
మన గాలి సంగతి తెలిసిందే,
ఉప్పు, చెమ్మ, పైన రేవు నుసి.
రెండు వానాకాలాలకి అద్దం లోపల బూజు అల్లుకుంటుందని
భయపెట్టాడు.
మళ్ళీ అదే గొంతుతో
"ఎక్కువ అమ్ముడుపోయేదీ ఇదే" అన్నాడు.

ఒక్కో ఆదివారం ఒక్కోటి అద్దెకి తీసుకున్నాను.

మొదట బరువైనది.
డాల్ఫిన్ నోస్ లైట్‌హౌస్ దగ్గర్నుంచి
కాలవలోకి వస్తున్న ఓడ మీదికి తిప్పాను.
డెక్కు మీద ఒకడు బకెట్ బోర్లించి కూర్చుంటే
ఇంకొకడు వాడికి క్షవరం చేస్తున్నాడు.
కత్తెర చెవి దగ్గరికొచ్చినప్పుడు
కూర్చున్నవాడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.
నేను చప్పున కన్ను తీసేశాను,
ఎవరి స్నానాలగది తలుపో తోసినట్టు.

పది దాటాక నీళ్ళమీద గాలి కాగింది.
దూరపు పడవలన్నీ పెనం మీద నెయ్యిలా కరిగి వణికాయి.
లక్షా అరవై పోసినా
మధ్యలో ఉన్న గాలి బంగారయ్య చేతిలో లేదు.
సాయంత్రానికి నా కుడి భుజం
కమాను పట్టీ విరిగిన లారీలా ఓ పక్కకి ఒరిగింది.

రెండో ఆదివారం తేలికది. కొండకర్ల ఆవ.
తాటిదోనె తోసే ఆయన పేరు దేముడు.
దేముడికి అరగంటకి రెండొందలు.

తామరాకుల మీద కంచురంగు రెక్కల కోడి.
నాలుగువందల్లో అది చిటికెనవేలి గోరంత.
చుట్టూ ఆకులున్నాయి, ఆకుల మీద నీళ్ళ గుండ్లున్నాయి,
వెనకాల కొండ కూడా పట్టింది.
కోడే చాలలేదు.

"ఇంకొంచెం దగ్గరికి తొయ్యవా?"
"ఎల్తే ఎగిరిపోద్దమ్మా. పిల్లల్ని సంకనెట్టుకున్నాది."
పిల్లలా? ఎక్కడ?
"కాళ్ళు నెక్కెట్టు."

తీసిన బొమ్మని తెరమీద సాగదీశాను.
గళ్ళు గళ్ళుగా చెదిరిపోతున్న రెక్క కింద
దారప్పోగుల్లాంటి కాళ్ళు వేలాడుతున్నాయి.
మూడు జతలో, నాలుగో.
"తల్లి కాదమ్మా అది. పెంటి గుడ్లెట్టేసి ఎలిపోద్ది.
మోసీది ఈడే" అని
దేముడు చుట్ట వెలిగించుకున్నాడు.

ఆకు మునగలేదు.
ఖాళీ బరువెంతో లోడు బరువెంతో
దానికి ఎవరూ చీటీ ఇవ్వలేదు.

సోమవారం, తిరిగిచ్చేసే ముందు,
బళ్ళు లేని వేళ చూసి లెన్సుని కాటా నడిమధ్య పెట్టాను.
ఎర్ర అంకెల్లో సున్నా.
ఇరవై కిలోల లోపు దేన్నీ అది ఖాతరు చెయ్యదు.
మెడలో వేసుకుని నేనెక్కాను. అరవై.
దించేసి ఎక్కాను. అరవై.
గేటు దగ్గర సెక్యూరిటీ పైడిరాజు
నాకేదో అయ్యిందనుకుని లేచి నిలబడ్డాడు.

మధ్యాహ్నం మెట్లెక్కి చెప్పాను:
"బరువైనదే ఇవ్వండి."
"భుజం నెప్పన్నారు కదా మేడమ్?"
"అవును."
ఓడల వైపు తిప్పనని మాత్రం అనుకున్నాను, బంగారయ్యకి చెప్పలేదు.

అడ్వాన్సు ఇరవై వేలు. పది నెలల వాయిదాలు.
రసీదు చేతికిచ్చాడు.
అలవాటు కొద్దీ
అడుగున తేడా గడి కోసం వెతికాను.